అరుగుదల

ప్రయోగశాలలో ఆమెను అందరూ సూదక్క అంటారు. ఆ పేరు ఆమె నాలుక పదును చూసి పెట్టినదని కొందరి అనుమానం. దానిని పోగొట్టే ప్రయత్నం ఆమె ఏనాడూ చేయలేదు. అసలు కారణం వేరు. ఆమె తండ్రి ఒక్క మిషనున్న దర్జీ. చూపు మందగించిన ఆ తండ్రికి ఆరేళ్ల వయసు నుంచీ సూది బెజ్జంలో దారం ఎక్కించి ఇచ్చినది ఈమె. బడికి వెళ్లేముందు పదిహేను సూదులకు దారాలెక్కించి దిండుకు వరుసగా గుచ్చిపెట్టవలసి ఉండేది. సాయంత్రం తిరిగివచ్చేసరికి దిండు బోడిగా ఉండేది.

పదో తరగతి తరువాత ఆమె శస్త్రచికిత్సలకు వాడే దారాలు తయారుచేసే కర్మాగారంలో చేరింది. అక్కడి సూదులకు బెజ్జం ఉండదు. సూది వెనుక కొసన ఉండే సన్నని రంధ్రంలోకి దారపు మొనను దూర్చి, లోహాన్ని నొక్కి, సూదినీ దారాన్నీ ఒక్కటి చేయాలి. ఆ గదిలోకి తేమ రాకూడదు కనుక గాలిని సైతం ఆరబెట్టి పంపేవారు. పెదవులు పగిలేవి, చేతులు చెమర్చే స్వభావమున్నవారు వారం తిరక్కుండానే మానుకునేవారు. సూదక్క పదకొండేళ్లు పనిచేసింది. ఆ తరువాత కర్మాగారంలోని ఆ విభాగం మూతపడింది. కొత్తగా మొదలైన ఒక ఔషధ ప్రయోగశాలకు చేయి వణకని మనిషి, ఒకే చోట మూడు గంటలు విసుగు లేకుండా నిలబడగల మనిషి కావలసివచ్చి ఈమెను పిలిచారు. పిలిచినవారు ఆమె చదువు అడగలేదట. ఒక గాజు గొట్టం చేతికిచ్చి, “నిమిషానికి అరవై చుక్కలు వదలండి, గడియారం చూడకుండా” అన్నారట. ఆమె వదిలిందట.

ఆ మనిషి జీవితంలో మా కుటుంబానికి చోటు దొరికినది ఒక్క వారం. ఆ వారం మాకు చేసిన మేలు తలచుకుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను చూడనివి ఆమె చెప్పగా విన్నవి.

ఆమె పని ఇది. క్యాన్సర్ మందు రక్తంలో కలిసినప్పుడు రోగమున్న చోటూ లేని చోటూ అని చూడదు. దేహమంతా తిరుగుతుంది, గుండెనూ పేగులనూ కూడా కాలుస్తుంది. అందుకని ఆ మందును అతిసూక్ష్మమైన పాలిమర్ రేణువులలో దాచి పంపుతారు. వెంట్రుక మందాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగమంత ఉంటుంది ఒక్కొక్క రేణువు. క్యాన్సర్ కణాలు ఆబగా అందుకునే ఒక విటమిను తునకను ఆ రేణువుల పైన అతికిస్తారు. ఆ కణం విటమినుకు ఆశపడి రేణువును లోపలికి తీసుకుంటుంది. రేణువు మెల్లగా విడిపోయి, దాచుకున్న మందును అక్కడే వదులుతుంది. పాలిమరునూ మందునూ కలిపిన ద్రావణాన్ని, సుడి తిరుగుతున్న నీటిలోకి చుక్క చుక్కగా వదిలితే ఆ రేణువులు పుడతాయి. ఆ చుక్కలు వదిలేది సూదక్క. చుక్క పెద్దదైతే రేణువు పెద్దదవుతుంది. పెద్ద రేణువు చేరవలసిన చోటికి చేరదు. యంత్రం చేయదా అని అడిగాను. చేస్తుందట. యంత్రం పక్కన కూడా ఒక మనిషి నిలబడాలట. “యంత్రానికి తుమ్మొచ్చినా తెలీదండీ, నాకు తెలుస్తుంది” అంది.

ఇంట్లో ఆమె ఉద్యోగానికి అంత మర్యాద లేదు. భర్త నీటి పంపులు బాగుచేసే మనిషి. ఎవరైనా ఇంటికి వస్తే, “మా ఆవిడ రోజంతా ఒళ్లు వంచి పనిచేస్తుందండీ, తీరా ఏం చేశావో చూపించమంటే ఏమీ కనబడదు” అంటాడు. అత్తగారిది మరొక ధోరణి.

“అక్కడ ఏం చేస్తావే నువ్వు?”

“మందు మోసే గిన్నెలు చేస్తానత్తయ్యా. కంటికి కనబడనంత చిన్నవి.”

“కనబడేంత పెద్దవి సింకులో ఉన్నాయి. ముందు అవి తోము.”

ఇక మా అక్కయ్య మాట. మా అక్కయ్య ముప్ఫై ఒక్క సంవత్సరాలు బడిలో తెలుగు చెప్పింది. అమ్మ జబ్బుపడిన ఇంట్లో నన్ను పెంచినదీ, నాకు మొదటి పద్యం నోటికి ఎక్కించినదీ, శబ్దాలూ ప్రత్యయాలూ వల్లె వేయించినదీ ఆమే. నాకేమైనా వచ్చిందంటే అది ఆమె పెట్టిన భిక్ష. అరవై ఎనిమిదో ఏట ఆమెకు క్యాన్సర్ వచ్చింది, కాలేయానికి పాకింది. మామూలు మందు నాలుగుసార్లు ఎక్కించారు. గడ్డ కొంత లొంగింది గాని గుండె దుర్బలమయింది. అయిదోసారి ఇస్తే గుండె ఆగవచ్చునని ఆపేశారు. ఆపిన రెండు నెలలకు గడ్డ మళ్లీ పెరిగింది. అదే మందును రేణువులలో పెట్టి గుండె జోలికి పోనీయకుండా పంపే ప్రయోగచికిత్స జరుగుతున్నదనీ, అందులో చేరడానికి ఆ శుక్రవారమే ఆఖరి రోజనీ ఆస్పత్రిలో చెప్పారు. చేరేముందు చదువుకోమని ఒక సమాచారపత్రం ఇచ్చారు.

సోమవారం ఉదయం నేను వెళ్లేసరికి అక్కయ్య కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఆ పత్రం మోకాలి మీద పెట్టుకుని ఉంది. ఒక వాక్యం కింద పెన్సిలు గీత.

“ఒరేయ్ తమ్ముడూ, ఇది ఎవరు రాశారో గాని భయం లేనివాడురా. ఉన్నదున్నట్టు చెప్పాడు.”

“ఏమని?”

“‘ఈ ఔషధవాహకము జీవవిచ్ఛేదక పదార్థముచే నిర్మితము.’ జీవాన్ని విచ్ఛేదించేది. ప్రాణం తెంచేదన్నమాట. మందు సంగతి అలా ఉంచు, మందు మోసే గిన్నే ప్రాణం తీస్తుందని వాళ్లే రాసిచ్చాక సంతకం పెట్టడానికి నాకేం పిచ్చా?”

ఆ పత్రాన్ని తెలుగు చేసినది నేను. రెండేళ్ల కిందట ప్రయోగశాలవారు అడిగితే, నాలుగు రోజులు కూర్చుని రాసి ఇచ్చాను. ఆ చోట మొదట ‘జీవవిచ్ఛేద్య’ అనే రాశాను. దేహంలోని జీవక్రియ చేత విచ్ఛేదం పొందేది అని భావం. తరువాత పైకి చదువుకుంటే ‘విచ్ఛేద్య పదార్థము’ నాలుకకు బరువుగా తోచింది. ‘విచ్ఛేదక పదార్థము’ హాయిగా జారింది. మార్చాను. ఒక్క ప్రత్యయం మారి, తెగిపోవలసినది కాస్తా తెంచేదయి కూర్చుంది. చెవికి ఇంపు చూసుకుని అర్థాన్ని వదులుకున్నాను. పలుకు ఇచ్చిన తల్లి ఎదుట ఇంతకంటే పెద్ద అపరాధం నాకు తెలియదు.

“అక్కయ్యా, అది రాసింది నేనే. తప్పు రాశాను.”

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. “నువ్వా?”

“నేనే. ఛేద్యం అనవలసింది. ఛేదకం అన్నాను.”

“కర్తకీ కర్మకీ తేడా తెలీక రాశావా? నువ్వు? తొమ్మిదేళ్లకే ఆ ప్రత్యయాలన్నీ నీ చేత వల్లె వేయించింది నేనేరా. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పేవాడివి కాదు.”

“వినవే, నిజంగా పొరపాటే...”

“రెండేళ్ల కిందట నేను రోగిని కాను. అప్పుడు నువ్వు పండితుడివి, నిజం రాశావు. ఇవాళ తమ్ముడివి, అబద్ధం చెబుతున్నావు. నీ మనసు నాకు తెలియదుట్రా?” అని నా చేయి నిమిరింది. “నాకోసం అబద్ధమాడే స్థితికి వచ్చావు. అదొక్కటే నాకు బాధ.”

నా మీద ఆమెకున్న నమ్మకమే నా మాట నమ్మకుండా చేసింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమెకు అంతా నోటితో విడమరిచి చెప్పే ఉంది. అయినా అక్కయ్యది ఉపాధ్యాయినుల పట్టుదల. నోటితో చెప్పేది ఓదార్పుకు చెబుతారు, కాగితం మీద రాసేది మాత్రం బాధ్యతతో రాస్తారు అని ఆమె లెక్క.

అట్నుంచి అటే ప్రయోగశాలకు వెళ్లాను. ఆ చికిత్సను పర్యవేక్షించేదీ ఆ డాక్టరమ్మే, ఆమె గది అక్కడే. సంగతి చెప్పి, పత్రం సవరించమని వేడుకున్నాను.

“సవరణ ఏదైనా నైతిక పరిశీలన సంఘం ముందుకు వెళ్లాలి మాస్టారూ. తక్కువలో తక్కువ మూడు వారాలు” అందామె. “మీ అక్కగారికి చేరడానికి నాలుగు రోజులే ఉన్నాయి.”

అప్పుడు తలుపు దగ్గర కాగితాల కట్ట పట్టుకుని నిలబడి ఉన్న మనిషి లోపలికి తొంగిచూసింది. సన్నని మనిషి, తల మీద టోపీ బిగించిన గుర్తు నుదుట ఇంకా ఎర్రగా ఉంది. “క్షమించండి, మాటకి అడ్డొస్తున్నాను. ఆ పేద్ద మాట మళ్లీ ఓసారి అనండి” అంది.

“జీవవిచ్ఛేదకం.”

“అంటే?”

చెప్పాను.

“అయ్యో, అయ్యో! నేను ఊపిరి బిగబట్టుకుని చేసేది ప్రాణాలు తీసేదని రాశారా? మరి ఇప్పటికే చేరిన పద్నాలుగుమంది చదివి సంతకాలు పెట్టారే!”

“వాళ్లకి నేను విడిగా చెప్పాను సూదక్కా” అంది డాక్టరమ్మ. “ఆ మాట వాళ్లకి అర్థమై ఉండదు.”

“నాకూ అర్థం కాలేదు లెండి. అర్థం కాలేదు కాబట్టి చాలా గొప్పగా రాశారనుకున్నాను.”

సూది దిగవలసిన చోటే దిగింది. పద్నాలుగుమందికి బోధపడని పత్రం రాశాను; బోధపడిన ఒక్క మనిషీ దాని వల్లనే వెనుదిరిగింది. తల దించుకున్నాను. ఆమె నా అవస్థ గమనించినట్టుంది, గొంతు తగ్గించింది.

“ఆవిడతో నేనోసారి మాట్లాడనా మాస్టారూ? చేసేదాన్ని కదా, ఏం చేస్తున్నానో చెప్పగలను.”

డాక్టరమ్మ ఆలోచించింది. రోగిని చేరమని ఒత్తిడి చేయడం నిషిద్ధం. చివరకు, తానూ వెంట వస్తాననీ, సూదక్క తన పని గురించి తప్ప మరేదీ చెప్పకూడదనీ ఒప్పందం చేసింది. బుధవారం మధ్యాహ్నం ముగ్గురం అక్కయ్య గదిలో ఉన్నాం.

ఆ గదిలో మందుల పళ్లెం ఒక బల్ల మీద, నిఘంటువులు మరొక బల్ల మీద ఉంటాయి. సూదక్క నిఘంటువుల బల్ల పక్కన కూర్చోవడానికి జంకి, మందుల బల్ల పక్కన కూర్చుంది.

“తీసుకోండని చెప్పడానికి రాలేదమ్మా. అది నేను చెప్పకూడదు. నేను చేసే వస్తువేంటో చెప్పి వెళ్లిపోతాను.”

“చెప్పు తల్లీ.”

“మీకెప్పుడైనా ఆపరేషన్ అయిందా?”

“పన్నెండేళ్లయింది. గాల్ బ్లాడర్ తీసేశారు. అప్పట్లో పొట్ట ఇంత పొడుగు కోశారు.”

“కుట్లు ఎవరు విప్పారు?”

“నర్సు విప్పింది. పైవి...” అక్కయ్య ఆగింది. “లోపలివి ఎవరూ విప్పలేదే! ఎలా విప్పుతారు?”

“మరి అవేమయ్యాయంటారు?”

అక్కయ్య కళ్లద్దాలు సర్దుకుని ఆమె వైపు వంగింది.

“అరిగిపోయాయమ్మా” అంది సూదక్క. “తిన్నది అరిగినట్టు ఒంట్లోనే అరిగిపోయాయి. ఆ దారం పదకొండేళ్లు నా చేతుల మీదుగా వెళ్లింది. ఆ దారమూ ఈ గిన్నే ఒకే పిండితో చేసినవి. మందుని తీసుకెళ్తుంది, కొంచెం కొంచెంగా వదులుతుంది, తర్వాత అరిగిపోతుంది. అరిగాక మిగిలేది కాసిని నీళ్లూ, మనం వదిలే ఊపిరీనూ. అది మిమ్మల్ని తెంచడం కాదమ్మా. మీ ఒళ్లే దాన్ని అరాయించుకుంటుంది.”

అక్కయ్య పొట్ట మీద చేయి వేసుకుంది. “పన్నెండేళ్లుగా లోపలే అరిగిపోయి, నాకు చెప్పనైనా లేదన్నమాట” అని గొణుక్కుంది. తరువాత ఆమె ముఖంలో తరగతి గదిలో కనిపించే వెలుగు వచ్చింది.

“విన్నావురా తమ్ముడూ? అరుగు! వెళ్లడమూ అదే, జీర్ణమవడమూ అదే. అరిగి, అరిగిపోతుంది. మొత్తం సంగతంతా ఒక్క క్రియలో ఉంది. ఈ మాట ఇంట్లో ఉండగా విచ్ఛేదకం ఎందుకు కావలసొచ్చిందిరా నీకు?”

“వెళ్లడమేంటండీ?” అంది సూదక్క. “మా ఇంట్లో అరగడమంటే అరగడమే.”

“పాత పద్యాల్లో ‘రాజు అరిగెను’ అంటే వెళ్లాడని అర్థమమ్మా.”

“అయితే మా అత్తగారు రోజూ ‘నాకు అరగట్లేదే’ అంటుంది, ఎక్కడికీ వెళ్లట్లేదనా?”

అక్కయ్య నవ్వింది. రెండు నెలల తరువాత విన్న నవ్వు అది. నవ్వి, దగ్గి, నీళ్లు తాగి, హఠాత్తుగా గంభీరమయింది.

“ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఇది నాకు పనిచేస్తుందా?”

డాక్టరమ్మ ఏదో అనబోయింది. ఆలోగా సూదక్కే చెప్పింది.

“తెలీదమ్మా. గిన్నె అరుగుతుందని తెలుసు. గడ్డ కరుగుతుందో లేదో తెలీదు. అది తెలుసుకోడానికే మిమ్మల్ని అడుగుతున్నారు.”

అక్కయ్య నా వైపు తిరిగింది. “ఈ అమ్మాయి నిజం చెబుతోంది. కాబట్టి నువ్వు తప్పు రాసినమాటా నిజమే అయ్యుండాలి.” నా వైపు వేలు చూపించి, “సిగ్గు లేదుట్రా?” అంది.

ఆ తిట్టు నాకు ఆశీర్వచనంలా వినిపించింది. నమ్మింది! డాక్టరమ్మ సమ్మతిపత్రం తీసింది. అక్కయ్య మాత్రం తన పాత ఎర్ర కలం అడిగి, సమాచారపత్రంలోని ఆ మాట కొట్టివేయడానికి వంగింది.

“అమ్మా, ఆ పత్రం మీద దిద్దకూడదు!” అని డాక్టరమ్మ గాభరాపడింది.

“తప్పున్న కాగితానికి నేనెప్పుడూ సంతకం పెట్టలేదమ్మా. పిల్లల మార్కుల కాగితాలకే పెట్టలేదు.”

“దిద్దితే మీ సమ్మతి చెల్లదు.”

“దిద్దకపోతే నాకు చెల్లదు.”

ఇద్దరూ కదలరు. శుక్రవారం మాట అటుంచి, ఆ నిమిషంలోనే అంతా చేజారిపోయేటట్టుంది. నేను మనసులో భగవన్నామం పట్టుకున్నాను. సూదక్క రెండు కాగితాలనూ తిరగేసి చూసింది. రోజూ తన పని కాగితాలు నింపి నింపి అలవాటైన మనిషి. “ఇక్కడ ‘రోగి తనకు అర్థమైనది’ అని ఖాళీ ఉందిగా. ఇందులో ఎవరూ ఏమీ రాయరు. అమ్మగారు అక్కడ రాయచ్చుగా?” అంది.

డాక్టరమ్మ చదివి, తల ఊపింది. అక్కయ్య ఎర్ర కలం పక్కన పెట్టి, నల్ల కలంతో, గుండ్రని అక్షరాలతో ఇలా రాసింది: “పత్రంలోని ఒక మాట తప్పని తెలుసుకున్నాను. గిన్నె ఒంట్లో అరిగిపోతుందని, దానిని చేసిన ఆమె చెప్పగా విన్నాను. గడ్డ కరుగుతుందో లేదో ఎవరికీ తెలియదని కూడా విన్నాను. రెండూ విని సమ్మతించాను.” సంతకం పెట్టింది. డాక్టరమ్మ సాక్షి సంతకం చేసింది. వెళ్లేటప్పుడు అక్కయ్య సూదక్క చేతులు పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఆ చేతులకు పొడి లేదు, మరక లేదు, ఉంగరం లేదు. “బడిలో దస్తూరీకి బహుమతి ఇచ్చేదాన్ని. ఈ వేళ్లు నా తరగతిలో ఉండాల్సింది” అంది. “నా రాత కోడిగీతలండీ” అంది సూదక్క.

మూడు వారాలకొకసారి చొప్పున ఆరుసార్లు మందు ఎక్కించారు. మూడో విడత తరువాత తీసిన స్కానులో గడ్డ మూడోవంతు తగ్గింది. ఆరో విడతకు సగమయింది. గుండె బలం ఉన్నచోటే నిలబడింది. ఇది నయమవడం కాదని డాక్టరమ్మ ప్రతిసారీ గుర్తుచేస్తుంది. మేమూ ఆ మాట మరచిపోలేదు. కాని అక్కయ్య మళ్లీ తన అన్నం తాను కలుపుకుంటున్నది. నా రాతలో తప్పులు పట్టుకుంటున్నది. ఉదయం జపం ముగిశాక ఆసనం మీద నుంచి లేచేముందు ఒక నమస్కారం ఆ ప్రయోగశాల ఉన్న దిక్కుకు చేయడం నాకు అలవాటయింది.

పత్రాన్ని తిరిగి రాశాను. అక్కయ్య వాక్యాలే దాదాపుగా అందులోకి వెళ్లాయి. సంఘంలో ఒక పెద్దమనిషి ‘అరిగిపోవు’ అన్నది శాస్త్రగౌరవానికి తగదన్నారు. తగిన మాట ఒకటి రాసి చూశాను, దాని ఫలితం ఇదీ, అని జరిగినది చెప్పాను. వారు ఒప్పుకున్నారు. ముందు చేరిన పద్నాలుగుమందినీ పిలిచి కొత్త పత్రం చదివించారు. పలువురు అంతకుముందు అడగని ప్రశ్నలు అడిగారు. ఒకాయన మాత్రం తెలిశాక వద్దనుకుని మానుకున్నారు. అది కూడా మంచికే అంటుంది డాక్టరమ్మ. అవునని నా మనసూ ఒప్పుకున్నది.

ఆరో విడత స్కాను చూపించుకున్న రోజున అక్కయ్య, “ఆ అమ్మాయి పని చేస్తుండగా ఒక్కసారి చూడాలిరా” అంది. లోపలికి రానివ్వరు, గాజు గోడ ఇవతల నిలబడనిచ్చారు. సూదక్క అవతల, తలనుంచి పాదాల దాకా తెల్లని వస్త్రం కప్పుకుని, పాత్ర మీదికి వంగి ఉంది. కళ్లు మాత్రమే తెలుస్తున్నాయి. మమ్మల్ని చూసిందో లేదో తెలియదు, చుక్కలు ఆగలేదు. పాత్రలో మామూలు నీరు సుడి తిరుగుతోంది. ఎంతోసేపు నీరు నీరులాగే ఉంది. ఆ తరువాత, ఏ చుక్కతోనో చెప్పలేను, సూర్యోదయానికి ముందు ఆకాశంలో ఉండే లేత నీలం, రేణువులు ఏర్పడిన గుర్తుగా, అందులో పుట్టింది. సూదక్క చివరి చుక్క వదిలి, గొట్టం పక్కన పెట్టి, పాత్రను దీపానికి ఎదురుగా మా వైపు ఎత్తి పట్టుకుంది.

“ఇది ఎవరికమ్మా?” అని అక్కయ్య డాక్టరమ్మను అడిగింది.

“ఇంకా తెలియదు. వచ్చే నెలలో కొత్తవాళ్లు చేరతారు.”

అక్కయ్య చేతికర్రను నాకిచ్చి, ముఖం తెలియని ఆ మనిషి కోసం, ఆ నీలం నీటి ఎదుట రెండు చేతులూ జోడించి నిలబడింది. అవతల సూదక్క పాత్ర దించలేదు.